మా బడి బ్యాండుకు కొన్న భుజం డోరీలు: ఆరు నెలల వాడకం తర్వాత

సికింద్రాబాద్ తిరుమలగిరి దగ్గరి లాల్ బజార్‌లో ఫౌజీ సామాన్లు అమ్మే ఒక పాత దుకాణం నుంచి నిరుడు ఆగస్టు మొదలుకొని దసరా దాకా మూడు విడతలుగా మా బడి బ్యాండుకు భుజం డోరీలు, అంటే యూనిఫాం భుజానికి తగిలించుకునే అలంకారపు తాళ్ళు, కొన్నాను. మొదటి విడత సరుకు రెండు వారాలు తిరక్కుండానే పాడైపోయింది. రెండవ విడత సరుకు నా సర్వీసులో చూసిన మేలైన పనితనానికి దీటుగా ఉంది. మూడవ విడతలో కొన్న ఒకే ఒక్క బంగారు రంగు డోరీ ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో నిలుస్తుంది. ఒకే కొట్లో, ఒకే యజమాని చేతి మీదుగా కొన్న వస్తువుల్లో ఇంత తేడా ఎందుకు వచ్చిందో వివరంగా రాస్తే, బ్యాండు దుస్తులు కుట్టించే ఇతర బడులవారికీ ఎన్‌సీసీ చూసుకునే అధ్యాపకులకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. ఇందులో ఫిర్యాదులు ఉన్నాయి, వాటిలో కొన్నింటిని యజమాని తానే సరిదిద్దాడు. అందువల్ల దుకాణం పేరు చెప్పడం న్యాయంగా తోచలేదు.

నేను సైన్యంలో బ్యాండు మనిషిని. 1950లో పచ్‌మఢీలో మొదలైన మిలిటరీ మ్యూజిక్ వింగ్‌లో శిక్షణ పొంది, ఇరవై రెండేళ్ళు క్లారినెట్ వాయించి, హవల్దారుగా పదవీ విరమణ చేసి, ఇప్పుడు బొల్లారం వైపు ఒక బడిలో పిల్లలకు బ్యాండు నేర్పుతున్నాను. భుజం మీది తాడును అద్దం ముందు వేల సార్లు సర్దుకున్నవాణ్ణి కాబట్టి ఈ రాతలో కొంత చాదస్తం కనిపిస్తే పాఠకులు మన్నించాలి.

ముందుగా మాటలు తేల్చుకోవడం మంచిది, ఎందుకంటే కొట్లో ప్రతిదాన్నీ డోరీ అనే అంటారు, ఆ ఒక్క మాట పట్టుకొని బేరం ఆడితే ఒకటి అడిగి మరొకటి ఇంటికి తెచ్చుకుంటాం. లాన్యార్డ్ అనేది ఒకే తాడు. అది భుజపట్టీ కింది నుంచి చంక చుట్టూ ఉచ్చులాగా తిరిగి, మిగిలిన కొస చొక్కా జేబులోకి పోతుంది. పోలీసులు ఆ కొసకే విజిల్ కట్టుకుంటారు. ఎగ్విలెట్ అనేది అంతకంటే పెద్ద వ్యవహారం. అందులో జడలాగా అల్లిన రెండు తాళ్ళు, అల్లకుండా వదిలిన రెండు ఉచ్చులు కలిసి భుజం దగ్గర ఒక ముడిలోకి చేరతాయి; ఛాతీ మీదుగా వచ్చి కోటు పై గుండీకి తగులుకుంటాయి; కొసలకు సూదిమొనల్లాంటి లోహపు తొడుగులు వేలాడుతుంటాయి. ఆ తొడుగుల వల్లనే దానికి ఆ పేరు వచ్చింది. ఫ్రెంచిలో సూదిని ఎగ్వీయ్ అంటారు, ఎగ్విలెట్ అంటే చిన్న సూది. మన బూటు లేసు కొసన ఉండే తొడుగును ఇంగ్లీషులో ఆగ్లెట్ అనడం కూడా ఆ మాట నుంచి పుట్టినదే. మధ్యయుగాల ఐరోపా యోధులు ఇనుప కవచం ముక్కలను లోపలి దూది కోటుకు ఇలాంటి మొన ఉన్న తాళ్ళతోనే బిగించుకునేవారు. కవచాలు పోయాయి, తాళ్ళు అలంకారంగా మిగిలాయి.

బొల్లారం రాష్ట్రపతి నిలయంలో రాష్ట్రపతి విడిది చేసిన రోజుల్లో టీవీ వార్తలు శ్రద్ధగా చూసినవారికి ఈ ఎగ్విలెట్ పరిచయమే అయి ఉంటుంది. రాష్ట్రపతి వెనక ఒక అడుగు దూరంలో నిలబడే ఏడీసీ, అంటే వెంట ఉండి సహాయపడే అధికారి, కుడి భుజం నుంచి ఛాతీ మీదికి వేలాడే బంగారు తాళ్ళు అవే. రాష్ట్రపతికి ఉండే ఐదుగురు ఏడీసీల్లో ముగ్గురు సైన్యం నుంచి, నౌకాదళం, వాయుసేనల నుంచి ఒక్కొక్కరు వస్తారు. గవర్నరు దగ్గర ఉండే ఇద్దరిలో ఒకరు సాయుధ దళాల నుంచి, ఒకరు పోలీసు శాఖ నుంచి వస్తారు. రాష్ట్రపతికీ గవర్నర్లకూ ఏడీసీలైనవారు కుడి భుజానికి, సైన్యాధికారుల దగ్గర పనిచేసే ఏడీసీలు ఎడమ భుజానికి ధరించడం పద్ధతి. కాబట్టి ఎగ్విలెట్ ఎవరి భుజాన వేలాడుతున్నదన్న దానికెంత అర్థం ఉందో, ఏ భుజాన అన్నదానికీ అంతే అర్థం ఉంది. ఈ సంగతి తెలిసిన దుకాణదారు, కొనేవారిని మొదట అడగవలసిన ప్రశ్న అదే.

మా దుకాణదారు ఆ ప్రశ్న అడగలేదు. వెనక గదిలో పనిచేసే ముసలాయన అడిగాడు. ఈ సమీక్షలో నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఆ తేడాలోనే ఉంది.

కొట్టు ముందు భాగం చాలా ఇరుకు. గాజు బల్ల కింద ఇత్తడి గుండీలు, బెల్టు బకిల్‌లు, పేరు పలకలు, మెడల్ రిబ్బన్లు రెజిమెంటుల వారీగా సర్ది ఉంటాయి. గోడకు కొట్టిన మేకులకు డోరీలు గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. ఒక మేకుకు ఎన్‌సీసీ పిల్లల కోసం ఎరుపు, ముదురు నీలం, లేత నీలం కలిపినవి, పక్క మేకుకు సెక్యూరిటీ గార్డుల కోసం నల్లవి, ఆ పక్కన పెద్ద హోటళ్ళ గుమ్మం దగ్గర మీసాలు మెలేసి నిలబడే ద్వారపాలకుల కోసం పసుపువి. పెళ్ళి బ్యాండు మేళాలవారు కూడా ఇక్కడికే వస్తారు. నేను వెళ్ళిన రోజున ఒక మేళం పెద్ద, కుచ్చులు మోకాలి దాకా వేలాడే డోరీలు కావాలని పట్టుబట్టి, పొడవు చాలదని అలిగి, చివరకు రెండేసి డోరీలు కలిపి కుట్టించుకొని సంతోషంగా వెళ్ళాడు. గుర్తింపు కార్డు చూపకపోతే ర్యాంకు బిళ్ళలు మాత్రం ఎవరికీ అమ్మనని యజమాని బల్ల మీద రాసి పెట్టుకున్నాడు, నా ఎదుటే ఒక కుర్రవాణ్ణి వట్టి చేతులతో పంపించాడు కూడా. ఈ పట్టుదల నాకు నచ్చింది.

నచ్చనిది ఆయన చెప్పే కథలు. తెల్ల లాన్యార్డ్ చేతికి తీసుకున్న ప్రతివారికీ, పూర్వం యుద్ధంలో ఫిరంగులు వదిలి పారిపోయిన దళానికి పిరికితనపు గుర్తుగా తెల్లతాడు వేశారని చెబుతాడు. బంగారు డోరీ పట్టుకున్నవారికి, పారిపోయే సైనికులను ఉరి తీయడానికి అధికారి భుజాన మోసిన తాడే ఇదని చెబుతాడు. రెండవది ఎవరూ రుజువు చేయలేని కథ, వినోదానికి పనికివస్తుంది. మొదటిది మాత్రం బ్రిటిష్ ఫిరంగి దళంవారు తామే తోసిపుచ్చిన అబద్ధం. గోలకొండ ఆర్టిలరీ సెంటర్ నుంచి వచ్చిన గన్నర్‌కు, అంటే ఫిరంగి సైనికుడికి, ఆ కథ చెబితే బేరం అక్కడితో ఆగుతుంది. ఫిరంగి సైనికుడు ఆ తాడుకు గుర్రపు డెక్క శుభ్రం చేసే కొక్కెమో, కత్తో, ఆ తర్వాతి కాలంలో గుండు ఫ్యూజు తిప్పే తాళంచెవో కట్టి జేబులో వేసుకునేవాడు. ఆ తాడు 1924లో ఎడమ భుజం నుంచి కుడి భుజానికి మారడం కూడా పని సౌకర్యం కోసమేనంటారు. తూటాలు పెట్టుకునే బ్యాండోలియర్ పట్టీ కింద పడిన జేబులోంచి కత్తి తీయడం కష్టమయ్యేదట. పనిముట్టు పోయి తాడు మిగలడం ఎగ్విలెట్ కథ లాంటిదే.

ఇక సరుకు సంగతి. మా బ్యాండులో ముప్పై ఇద్దరు పిల్లలున్నారు: సైడ్ డ్రమ్ములు పది, బాస్ డ్రమ్ములు రెండు, బ్యూగిళ్ళు పది, ఫ్లూట్‌లు ఏడు, తాళాలు రెండు, ముందు నడిచే డ్రమ్ మేజర్ ఒకరు. తెల్లచొక్కా మీద ఎర్ర డోరీ బాగుంటుందని బడి యాజమాన్యం అన్నది. నేను వద్దన్నాను. ఎర్ర తాడు అంటే సైన్యంలో పనిచేసినవారికి వెంటనే గఢ్వాల్ రైఫిల్స్ గుర్తుకు వస్తుంది. 1921లో ఆ రెజిమెంటుకు రాయల్ అన్న బిరుదుతో పాటు కుడి భుజాన ఎర్రని తాడు ధరించే గౌరవం దక్కింది. స్వాతంత్ర్యం తర్వాత బిరుదు పోయినా తాడు నేటికీ ఉంది. ఫ్రాన్సులో 1916 నుంచి ఫురాజేర్ అనే భుజం తాడును యుద్ధంలో పదే పదే ప్రశంసలు పొందిన దళాలకు ఇస్తున్నారు, దాని రంగును బట్టి ఆ దళం ఏ పతకం స్థాయి గౌరవం పొందిందో చెప్పవచ్చు. అమెరికా సైన్యంలో కుడి భుజాన లేత నీలి తాడు కనిపిస్తే అతడు పదాతి సైనికుడని అర్థం, 1952లో కొరియా యుద్ధకాలంలో వచ్చిన ఆనవాయితీ అది. రంగుకు ఇంత పలుకుబడి ఉన్నచోట బడిపిల్లలకు ఎవరి రంగూ కాని రంగు చూసుకోవడం మర్యాద. ఈ వాదన సమావేశంలో నెగ్గలేదు. డ్రమ్ మేజర్‌ను మినహాయించి, ఎరుపు, తెలుపు కలిసిన రెడీమేడ్ డోరీలు ముప్పై ఒకటి, ఒక్కొక్కటి డెబ్బై రూపాయల చొప్పున ఆగస్టు మొదటి వారంలో తెచ్చాం.

మేకుకు వేలాడుతున్నప్పుడు అవి చూడముచ్చటగానే ఉన్నాయి. చేతికి తీసుకొని రెండు వేళ్ళ మధ్య నొక్కినప్పుడు నాకు అనుమానం రావలసింది, ఎందుకంటే తాడు లోపల ఏమీ లేదు. మిషను మీద గొట్టంలాగా అల్లిన పైపొర మాత్రమే ఉంది, మధ్యలో వత్తి లేదు. అలాంటి తాడు మొదటి రోజు గుండ్రంగా ఉంటుంది, మూడవ రోజుకు రిబ్బనులాగా చదునైపోతుంది, భుజపట్టీ కింద నలిగినచోట మళ్ళీ లేవదు. కొసలను కట్టలేదు, జిగురు పెట్టి, వేడితో కాల్చి అతికించారు. పదమూడవ తేదీన రిహార్సల్ నడుస్తుండగా పావుగంట జల్లు పడింది. పిల్లలు వరుస చెదరకుండా నిలబడ్డారు, అందుకు వాళ్ళను మెచ్చుకోవాలి, కానీ జల్లు ఆగేసరికి ముప్పై ఒక్క తెల్లచొక్కాల ఎడమ రొమ్ము మీద గులాబీ రంగు చార ఒకటి జేబు దాకా దిగింది. దూరం నుంచి చూసిన ఒక తండ్రి పిల్లవాడికి దెబ్బ తగిలిందనుకొని పరుగెత్తుకొచ్చాడు. పదిహేనవ తేదీన మా బ్యాండు భుజాలు బోసిగానే నడిచింది.

నూలుకు చవకగా వేసే రంగు నూలుపోగుతో గట్టిగా కలిసిపోదు, నీళ్ళు తగిలితే వదిలేస్తుంది. పోగుతోనే కలిసిపోయే రియాక్టివ్ రంగులు వేస్తే ఈ బాధ ఉండదు, ఖర్చు కొంచెం పెరుగుతుంది. కొనేటప్పుడు దీన్ని పట్టుకోవడం కష్టమేమీ కాదు. తెల్ల చేతిరుమాలు ఒక మూల తడిపి, డోరీని ఆ తడిలో పెట్టి బొటనవేలితో పదిసార్లు రుద్దితే చాలు. ఇరవై రెండేళ్ళు యూనిఫాం వేసుకున్నవాడిని, ఈ పరీక్ష చేయకుండా కొనడం నా తప్పే.

పదహారవ తేదీన డోరీలను, రెండు చొక్కాలను సంచిలో వేసుకొని కొట్టుకు వెళ్ళాను. యజమాని మొదట వాదించాడు: రెడీమేడ్ సరుకు తిరిగి తీసుకోమని బిల్లు మీద అచ్చు వేసి ఉంది, అది నిజమే. చొక్కా పరిచి చూపించిన తర్వాత ఆయన స్వరం మారింది. డబ్బు వెనక్కి ఇవ్వనని, కొత్తగా చేయించుకుంటే పాత డోరీల సొమ్ములో సగం తగ్గిస్తానని అన్నాడు. సగమే ఎందుకని అడిగాను. హోల్‌సేల్ వ్యాపారి తనకూ సగమే ఇస్తాడని చెప్పాడు. ఆ మాట ఎంత నిజమో గానీ, అప్పుడే వెనక గది తెర పక్కకు జరిగింది, డెబ్బై ఏళ్ళ మనిషి ఒకరు చేతిలో తాడుతో బయటికి వచ్చి, నా చేతిలోని ఎర్ర డోరీని వాసన చూసి బల్ల మీద పడేశాడు. అందరూ ఆయనను చాచా అంటారు.

"ఉస్తాద్, ఏ భుజానికి వేస్తారు?" అని అడిగాడాయన.

ఎడమ భుజానికని చెప్పాను.

"వాయించేవాళ్ళలో డోలు మోసేవాళ్ళు ఎంతమంది? వాళ్ళ వయసెంత?"

ఆ రెండు ప్రశ్నలతో నాకు ఈ దుకాణం మీద పోయిన నమ్మకం తిరిగి వచ్చింది. సైడ్ డ్రమ్ము పట్టీ కుడి భుజం మీది నుంచి ఛాతీని అడ్డంగా దాటి ఎడమ తుంటి దగ్గర డ్రమ్మును మోస్తుంది. డోరీ కుడి భుజాన ఉంటే పట్టీ కింద పడి నలిగిపోతుంది. ఎడమ భుజాన ఉంటే నలగదు గాని, కాస్త పొడవైనా డ్రమ్ము అంచున ఉండే బిగింపు మరలకు చిక్కుకుంటుంది. పెద్దవారి కొలతకు చేసిన డోరీ పన్నెండేళ్ళ పిల్లవాడి ఒంటి మీద బెల్టు దాకా జారుతుంది. మొదటి విడత డోరీలతో ఒక రిహార్సల్‌లో సరిగ్గా ఇదే జరిగి, ఒక పాప మరకు చిక్కిన డోరీని లాక్కోలేక ఒక చేత్తోనే నాలుగు వరుసలు వాయించింది. చాచా పిల్లలను మూడు కొలతలుగా విడదీయమన్నాడు. చంక చుట్టూ తిరిగే ఉచ్చు పద్నాలుగు, పదహారు, పద్దెనిమిది అంగుళాలు. ముందువైపు వేలాడే భాగం జేబు కింది కుట్టును దాటకూడదు. బాస్ డ్రమ్ము మోసే ఇద్దరికీ వేలాడే భాగమే లేకుండా భుజం చుట్టూ తిరిగే ఉచ్చు మాత్రం చేస్తానన్నాడు, డ్రమ్ము ఛాతీకి ఆనుకొని ఉంటుంది కాబట్టి వేలాడేది ఏదైనా రాపిడికి తెగిపోతుందట. బ్యాండులో పుట్టి పెరిగినట్టు మాట్లాడాడు, కానీ ఏ వాయిద్యమూ తాకలేదట.

ఆయన పని చూడడానికి మరునాడు వెళ్ళి గంటసేపు కూర్చున్నాను. తెల్లని మెత్తటి నూలు వత్తి చుట్టూ మెరుపు కోసం మెర్సరైజ్ చేసిన నూలుదారాన్ని పక్కపక్కనే చుట్టి మొదట పేటను సిద్ధం చేస్తాడు. నగలకు దారం అల్లే పట్వాల పద్ధతిలో, నేల మీద కూర్చొని, పేటల కొసను కాలి బొటనవేలికి తగిలించుకొని, ఈసారి ఎరుపుకు బదులు నీలం అనుకున్నాం కాబట్టి రెండు తెల్లపేటలు, రెండు నీలిపేటలు కలిపి నాలుగు పాయల జడ అల్లుతాడు. ప్రతి అంగుళానికీ ఒకసారి ఆగి, అల్లినంత మేర అరచేతుల మధ్య దొర్లించి, పురి ఒకేలా వచ్చిందో లేదో చూసుకుంటాడు. ఒకచోట నీలిపేట ఒక వరుస జారింది, నాకైతే కనిపించలేదు. ఆయన వేలికి తగిలింది, ఆరు అంగుళాలు విప్పేసి మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక గజం జడకు గజంన్నర పేట పడుతుందని, రెడీమేడ్ డోరీ అంత చవకగా దొరకడానికి సగం కారణం అక్కడే ఉందని చెప్పాడు. కొసలకు జిగురు పెట్టడు. దారంతో పాతికసార్లు బిగించి చుట్టి, చివరి కొసను ఆ చుట్ల కిందికే లాగి కోస్తాడు. ముడి ఎక్కడుందో వెతికినా దొరకదు.

ఒక్కొక్కటి రెండు వందల నలభై రూపాయలు. ముప్పై ఒక్క డోరీలకు ఏడువేల నాలుగు వందల నలభై, అందులో పాత డోరీల సగం సొమ్ము పోగా ఆరువేల మూడు వందల యాభై అయిదు చెల్లించాం. మూడు వారాలన్నారు, ఏడు వారాలు పట్టింది. మధ్యలో నేను నాలుగుసార్లు ఫోను చేస్తే నాలుగుసార్లూ రేపన్నారు. చాచాకు కళ్ళ ఆపరేషను అయిందన్న సంగతి నాలుగవసారి గాని చెప్పలేదు, అది మొదటే చెప్పి ఉంటే అసలు ఫోను చేసేవాణ్ణే కాదు. దసరా సెలవులకు రెండు రోజుల ముందు డోరీలు చేతికి వచ్చాయి. వాటిని మూడు కొలతల వారీగా వేరు వేరు కాగితపు సంచుల్లో కట్టి, ఒక్కో సంచి మీద కొలత రాసి ఇచ్చారు.

అప్పటి నుంచి అవి వారానికి రెండు రిహార్సళ్ళు, నవంబరులో బాలల దినోత్సవం, జనవరి 26 కవాతు చూశాయి. రెండుసార్లు చల్లటి నీళ్ళలో సబ్బుతో ఉతికి, పిండకుండా తువ్వాలులో చుట్టి, నీడలో పరిచి ఆరబెట్టాను. నీలిరంగు తెలుపులోకి రాలేదు. అల్లిక వదులవలేదు. ముప్పై ఒకటిలో రెండింటికి మాత్రం ఉచ్చు లోపలివైపు, చెమట ఎక్కువగా పట్టేచోట, తెలుపు కొంచెం పసుపు తిరిగింది, దానికి దుకాణాన్ని తప్పు పట్టలేను. నా సర్వీసులో బ్యాండు దుస్తుల మీద వేసుకున్న డోరీల్లో సగానికి పైగా ఈ పనితనం ముందు నిలవవని మనస్ఫూర్తిగా చెప్పగలను.

బంగారు డోరీ విషయంలో అంత ధీమాగా చెప్పలేను. డ్రమ్ మేజర్‌కు ఏదైనా ప్రత్యేకంగా ఉండాలని పిల్లలే అడిగారు. చాచా జరీపని చేయడు, అది బయటి నుంచి తెప్పించే సరుకు. యజమాని రెండు రకాలు చూపించాడు: ఆరు వందల యాభై రూపాయలది ఒకటి, రెండువేల నాలుగు వందలది ఒకటి. బల్ల మీద పక్కపక్కన పెడితే చవకదే ఎక్కువ మెరిసింది. అప్పుడు మా ఆవిడను తోడు తీసుకువెళ్ళడం కలిసివచ్చింది. గద్వాల, వెంకటగిరి చీరలు కొనీ కొనీ జరీ విషయంలో ఆమెకు ఉన్న జ్ఞానం నాకు ఫౌజులో రాలేదు. ఆమె ఖరీదైన డోరీ వెనకవైపు ఒక పోగును గోటితో గీకి, లోపల ఏ రంగు కనిపిస్తున్నదో చూసింది. మేలిమి జరీలో పల్చగా సాగదీసిన వెండి తీగను పట్టుదారం చుట్టూ చుట్టి పైన బంగారు పూత వేస్తారు, ఆ పట్టుదారం సాధారణంగా ఎర్రగా ఉంటుంది. మధ్యరకంలో వెండికి బదులు వెండిపూత పూసిన రాగి తీగ ఉంటుంది. అన్నిటికంటే చవకదానిలో లోహపు తీగే ఉండదు, లోహపు పూత పూసిన పాలియెస్టర్ పొరను సన్నగా కోసి దారానికి చుడతారు. మన చీరల జరీ చాలామటుకు సూరత్ నుంచే వస్తుంది, ఈ డోరీ జరీ కూడా అక్కడిదేనని యజమాని అన్నాడు. మా ఆవిడ తేల్చినదేమిటంటే, ఆరు వందల యాభైది ప్లాస్టిక్ జరీ, రెండువేల నాలుగు వందలది రాగి జరీ. యజమాని కూడా కాదనలేదు. అంతకుముందు మాత్రం రెండవదాన్ని "అసలు బంగారు జరీ" అని అమ్మబోయాడు, ఇది నేను దాచదలచుకోలేదు.

బడిపిల్లవాడికి ఏది సరిపోతుంది? రాగి జరీకి చెమట తగిలితే, గాలిలోని తేమ తగిలితే, ఒకటి రెండేళ్ళలో నల్లబడి పచ్చటి చిలుము పడుతుంది. ప్లాస్టిక్ జరీ నల్లబడదు గాని మడతపడినచోటల్లా పగిలి పొట్టు లేస్తుంది. ఏడాదికి నాలుగు కవాతులు చేసే పిల్లవాడికి చవకదే చాలుననుకొని దాన్నే తీసుకున్నాం. ఆ నిర్ణయం తప్పు కాలేదు, నాలుగు నెలలకు ఇప్పుడు భుజం వంపులో వేలెడు మేర మాత్రమే పొట్టు లేచింది. ఇబ్బంది లోహపు తొడుగులతో వచ్చింది. అవి ఇత్తడివి కావు, బంగారు రంగు వేసిన పల్చటి రేకు. లోపల తాడుకు కుట్టకుండా నొక్కి వదిలేశారు. జనవరి 26న వందనం స్వీకరించే వేదిక ముందు మా డ్రమ్ మేజర్ దండం పైకెత్తిన క్షణాన ఒక తొడుగు ఊడి, సిమెంటు నేల మీద టింగుమని పడి దొర్లుకుంటూ పోయింది. పిల్లవాడు కన్ను కూడా కదిలించలేదు. చాచా తర్వాత రెండు తొడుగులనూ ఊడదీసి, లోపలికి దారం పోనిచ్చి, కుట్టి ఇచ్చాడు, డబ్బు తీసుకోలేదు. ఈ రకం డోరీ కొన్నవారు ఇంటికి రాగానే తొడుగును గట్టిగా ఒకసారి లాగి చూడాలి. కవాతులో ఊడడం కంటే ఇంట్లో ఊడడం నయం. దాచేటప్పుడు రబ్బరు బ్యాండుతో చుట్టకూడదు, రబ్బరులో ఉండే గంధకం వెండిపూతను నల్లబరుస్తుంది. ఉతికిన పాత నూలుగుడ్డలో వదులుగా చుట్టి, మడత పెట్టకుండా గుండ్రంగా పెడితే చాలు.

బంగారు డోరీ కొనే బడులకు మరొక జాగ్రత్త చెప్పాలి. తాను సైనికుణ్ణని ఎదుటివారిని నమ్మించే ఉద్దేశంతో సైనికుడి దుస్తులో గుర్తులో ధరించడం పాత ఐపీసీ 140వ సెక్షన్ కింద నేరం, కొత్త భారతీయ న్యాయ సంహితలోనూ ఆ నిబంధన ఉంది. బడి బ్యాండు ఎవరినీ మోసగించడానికి డోరీ వేసుకోదు కాబట్టి భయపడనక్కర లేదు, కానీ ఏడీసీ వేసుకునే పద్ధతిలో కుడి భుజం నుంచి పై గుండీ దాకా అచ్చంగా అలాగే వేయడం నాకు నచ్చదు. మా డ్రమ్ మేజర్‌కు ఎడమ భుజానికి వేసి, బడి చిహ్నం ఉన్న నీలిగుడ్డ బిళ్ళను ముడి మీద కుట్టించాను. చూసిన ఏ ఫౌజీకీ అది బడిదేనని ఒక్క చూపులో తెలిసిపోతుంది.

సేవ గురించి రెండు మాటలు. బిల్లు పద్ధతిగా ఇస్తారు, జీఎస్టీ విడిగా చూపిస్తారు, బడి ఖాతా నుంచి చెల్లించడం తేలిక. చెప్పిన గడువును నమ్మవద్దు; కవాతుకు కనీసం మూడు నెలల ముందు ఆర్డరు ఇవ్వాలి. ఆదివారం వెళితే జనం ఎక్కువ, పైగా చాచా ఆదివారం రాడు. మధ్యాహ్నం మూడు గంటల తర్వాత వెళితే ఆయనతో తీరుబడిగా మాట్లాడవచ్చు. గోడ మీది మేకులకు వేలాడే సరుకును అసలు ముట్టుకోవద్దని నా సలహా, ఎన్‌సీసీ డోరీలను మాత్రం మినహాయిస్తాను. అవి గట్టి నూలుతో చేసినవి, తడి రుమాలు పరీక్షకు నిలిచాయి. ఎంతమందికి, ఏ భుజానికి, ఏ వాయిద్యానికి అన్నది కాగితం మీద రాసుకొని నేరుగా తెర వెనక్కి వెళ్ళండి.

గత వారం నేనూ అదే చేశాను. కొత్తగా చేరిన ఆరుగురు ఐదవ తరగతి పిల్లల చంక కొలతలు రాసుకొని వెళితే, పన్నెండు అంగుళాల ఉచ్చు ఇంతవరకు చేయలేదని చాచా కాసేపు ఆలోచించి, పేట లావు తగ్గించి నాలుగు పాయలకు బదులు మూడు పాయలు అల్లుతానని చెప్పి, నమూనాగా ఒక జానెడు అల్లి నా చేతిలో పెట్టాడు. అది ఇప్పుడు మా బ్యాండు గదిలో బ్యూగిళ్ళ అలమారా తలుపుకు వేలాడుతున్నది. జూలై పదిహేనుకు డోరీలు ఇస్తామన్నారు, నేను ఆగస్టు మొదటి వారమని రాసుకున్నాను.